దయ్యం చెల్లెలు

సినిమాహాల్లో దయ్యాన్ని చూసి పగలబడి నవ్వి, ఇంటికి రాగానే గుమ్మానికి కట్టిన నిమ్మకాయ వాడిపోయిందేమోనని తలెత్తి చూసింది మీరు కాదా?

తప్పించుకోవద్దు. నేను మీ పక్కింటివాళ్లను అడగడం లేదు. తెర మీద దయ్యం గాలిలో తేలుతుంటే, దాన్ని వేలాడదీసిన తీగ మీ కంటికి ఆనింది. నవ్వారు. మర్నాడు మీ బిడ్డకు ఒళ్లు వెచ్చబడితే ఎర్రనీళ్లు దిగదీసి మూడుదారుల కూడలిలో పారబోశారు. అక్కడ మాత్రం ఏ తీగా మీకు కనపడలేదు. నవ్వగలిగినవాడు ఆలోచించగలడని నేనూ చాలాకాలం నమ్మాను. వంద ఉపన్యాసాలు చేయలేని పని ఒక్క నవ్వు చేస్తుందని సభల్లో చెప్పాను కూడా. ధర్మవరంలో ఒక ఆదివారం మ్యాట్నీ చూశాక ఆ మాట మళ్లీ నా నోట రాలేదు.

మాది ధర్మవరం. ఇంట్లో రెండు మగ్గాలు. నాయన పట్టుచీరలు నేసేవాడు, అక్క పక్కన కూర్చుని పట్టునూలు కండెలకు చుట్టేది. అక్కను కొత్తచెరువులో ఇచ్చాము. వాళ్లదీ నేతపనే. యాభైల చివర నాకు పెనుకొండలో బడిపంతులు ఉద్యోగం వచ్చింది. ఆ వేసవిలో కొండ కింద టూరింగ్ టాకీసువాళ్లు డేరా వేశారు. అరవంలో తీసి తెలుగు మాటలు అతికించిన దయ్యం బొమ్మ ఒకటి వచ్చింది. సినిమాను మావైపు అప్పట్లో బొమ్మ అనే అనేవాళ్లు. పెనుకొండలో బంధువుల పెళ్లికని నాయన, అక్క, బావ వచ్చారు. అందరం కలిసి మొదటి ఆటకు పోయాము.

కథ పెద్దదేమీ కాదు. జమీందారు పెళ్లాన్ని చంపి బావిలో వేస్తాడు, ఆమె దయ్యమై వస్తుంది. భయపెట్టింది దయ్యం కాదు, దాని ముందు వచ్చే గాలి. మొదట గుర్రుమని ఎక్కడిదో తెలియని చప్పుడు. తర్వాత దీపం ఆరిపోతుంది, కిటికీ గుడ్డ లేస్తుంది, ఆడమనిషి జుట్టు విరబోసుకుని ఎగురుతుంది. ఆ గుర్రు వినపడగానే మగవాళ్లు కూడా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. దయ్యం తలుపు తోసుకుని వచ్చే సమయానికి నిజంగానే కొండ మీది నుంచి గాలి తోలింది. డేరా పక్కగుడ్డ లేచి, ఆడవాళ్ల వైపు కూర్చున్న అక్క మొహాన పడింది. అక్క కెవ్వుమంది. ఆమెతోపాటు డేరా అంతా కెవ్వుమంది.

ఆ నెల తిరగకముందే కొత్తచెరువులో అక్క కండెలు చుడుతూ చుడుతూ పక్కకు ఒరిగింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి, నోట నురగ వచ్చింది. లేచి కూర్చున్నాక ఏం జరిగిందో ఆమెకు గుర్తు లేదు. కొద్దిరోజులకు మళ్లీ వచ్చింది. అత్తగారివాళ్లు ఆమెను బండెక్కించి మా ఇంటి ముందు దింపారు. "గాలి ఇడిసినాక కబురు చేయండి, పిలుచుకొని పోతాము" అని చెప్పి, మంచినీళ్లు కూడా తాగకుండా పోయారు.

మావైపు గాలి అన్న మాట ఒకటే, పని రెండు. చెట్టు కొమ్మ ఊపేదీ గాలే, మనిషిని పట్టేదీ గాలే. గాలి సోకింది అంటే దయ్యం పట్టిందని. ఈ ఒక్క మాట మా ఇంట్లో చేసిన పని ఏ మంత్రగాడూ చేయలేదు. సెలవు పెట్టి ఇంటికి పోయి నేను అవ్వతో, అంటే నాయన తల్లితో, వాదానికి దిగాను.

"అవ్వా, ఇది మూర్ఛరోగం. దీనికి మందుంది. హిందూపురంలో డాక్టరుతో మాట్లాడి వచ్చినా. పిలుచుకొని రమ్మన్నాడు."

"రోగం యాడిది రా? ఆ పెనుకొండ డేరాలో దానికి గాలి సోకింది."

"గాలీ లేదు, గీలీ లేదు."

"లేదంటావేమి? గుడ్డ లేసి దాని మొగాన పడింది కదా. ఆడనే ఉండి నువ్వూ సూసినావు కదా. గాలి వచ్చినాదా, రాలేదా?"

వచ్చింది. గాలి వచ్చిన మాట నిజమే. హిందూపురంలో ఒక వకీలుగారి వరండాలో ఆదివారాలు జరిగే చర్చల్లో వితంతు వివాహం మీద, విగ్రహారాధన మీద గంటలకొద్దీ మాట్లాడి గెలిచినవాణ్ణి, మా అవ్వ ముందు ఒక్క మాటకు ఓడిపోయాను.

ఆ వరండాలో అందరికన్నా గొప్ప వక్త ఒకాయన ఉండేవాడు. మూఢనమ్మకాల మీద ఆయన మాట్లాడితే వింటున్నవాళ్లకు ఒళ్లు వేడెక్కేది. మా నాయనకు చదువుకున్నవాళ్లంటే గౌరవం, మీరు వచ్చి నాలుగు మాటలు చెప్పండి, బుధవారం పోదాం అని బతిమాలాను. ఆయన గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. "బుధవారం ఉత్తరానికి వారశూల కదయ్యా. నాకు పట్టింపు లేదనుకో. ఇంట్లో ఆడవాళ్లు ఊరుకోరు" అన్నాడు. ధర్మవరం హిందూపురానికి ఉత్తరాన ఉంది. ఆ తర్వాత ఏ దిక్కుకూ శూల లేని రోజు ఆయనకు ఒక్కటీ దొరకలేదు.

అవ్వ తాడిమర్రి అవతల పల్లె నుంచి గాలి విడిపించే సామిని పిలిపించింది. చింతబరికెతో కొట్టాడు. ఎండుమిరపకాయల పొగ వేశాడు. దయ్యం పేరు చెప్పమన్నాడు. అక్క తన పేరే చెప్పింది, అది ఒక్కటే ఆమెకు తెలుసు కాబట్టి. ఇంకా కొట్టాడు. చివరకు దెబ్బలు తాళలేక "పోతా, పోతా" అంది. గాలి పోతానని ఒప్పుకుందన్నారు. కొంతకాలం ఫిట్స్ రాలేదు. మూర్ఛరోగం అట్లాంటిదే, ఒక్కోసారి నెలల తరబడి ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడం సామి ఖాతాలో పడింది. కొత్తచెరువుకు కబురు పెట్టబోతుండగా మళ్లీ వచ్చింది.

అప్పుడు ధర్మవరంలో మరో వింత జరిగింది. బజారులో కాఫీ హోటలాయన బెంగుళూరు నుంచి కరెంటు ఫ్యాను తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇనుప బోనులో రెక్కలు గుర్రుమని తిరుగుతుంటే చూడడానికి మగ్గాలు ఆపి మరీ పోయారు. దాని ముందు నిలబడి జుట్టు ఎగిరితే మురిసిపోయారు. నేను కూడా పోయాను. ఆ గుర్రు చెవిన పడగానే గుర్తుపట్టాను. పెనుకొండ డేరాలో విన్నది ఇదే. డేరాను వణికించిన దయ్యపు గాలి బెంగుళూరులో అంగట్లో అమ్ముతారు.

అరవైల మొదట్లో ఆ బొమ్మకు రెండో భాగం వచ్చింది. మొదటిదానికి జనం విరగబడ్డారు కదా, నిర్మాత ఎందుకు వదులుకుంటాడు? చిక్కల్లా ఏమంటే మొదటి భాగం చివర దయ్యాన్ని బంగళాతో సహా కాల్చి బూడిద చేశారు. అందుకని ఈసారి దయ్యానికి ఒక చెల్లెల్ని పుట్టించారు. అక్క పగ తీర్చుకోవడానికి చెల్లెలు వస్తుంది. ధర్మవరంలో రేకుల కప్పు హాలుకు ఆ బొమ్మ వచ్చిందని విన్నప్పుడు నాకు ఆశ పుట్టింది. ఊరందరూ ఇప్పుడు ఫ్యాను చూసి ఉన్నారు. నాయన ఆ బొమ్మలో ఫ్యానును గుర్తుపడితే అవ్వ మాటకు విరుగుడు దొరుకుతుంది. ఆదివారం మ్యాట్నీకి నాయననూ అక్కనూ వెంటబెట్టుకుని పోయాను.

రేకుల కన్నాల్లోంచి ఎండ సూదుల్లాగా దిగుతోంది. ఆ వెలుగులోనే బొమ్మ వేశారు. మొదటి భాగంలో కాలి కూలిన బంగళా కొత్తగా సున్నం కొట్టించుకుని నిలబడి ఉంది. చచ్చిపోయిన వంటవాడు కాఫీ గ్లాసులు పట్టుకుని వచ్చాడు. "ఏమబ్బా, నువ్వు పోయినతూరి సచ్చిపోయినావు కదా!" అని ఒకడు కేక వేశాడు. "పాపం, కూలి రాలేదేమో, మళ్లీ వచ్చినాడు" అని ఇంకొకడు. నాయన కిసుక్కుమన్నాడు.

తర్వాత దయ్యం చెల్లెలు వచ్చింది. దయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని మావైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. సినిమావాళ్లకు కూడా ఎవరో చెప్పినట్టుంది. ఆ అమ్మాయికి కొయ్యపాదాలు వెనక్కి తగిలించారు. నాలుగడుగులు వేసి గడప తట్టుకుని బోర్లా పడబోయింది.

"ఏమప్పా, ఈ దయ్యం వస్తాండాదా, పోతాండాదా?"

"దానికే తెలీదురా, ఊరుకో!"

హాలు గొల్లుమంది. నోరు మూసుకుని నిలబడిన దయ్యానికి వికటాట్టహాసం అతికించారు. పెదవులు కదలవు, నవ్వు ఆగదు. తర్వాత ఆ గుర్రుమనే చప్పుడు. కిటికీ గుడ్డ లేచింది. దాని వెనక ఇనుప బోను, బోనులో తిరుగుతున్న రెక్కలు. తీసినవాడు మరిచిపోయాడో, ఎవరు చూస్తారులే అనుకున్నాడో.

"రేయ్, కాఫీ హోటలు ఫ్యానురా అది!"

జనం చేతిరుమాళ్లు ఎగరేశారు. "దయ్యానికి ఉక్కపోస్తాండాది, ఇంగొంచెం తిప్పండప్పా!" అని అరిచారు. నాయన కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

ఇంటర్వెల్లో నాయన గోలీసోడా చేతిలో పట్టుకుని, తాగకుండా నన్ను అడిగాడు.

"పెనుకొండలో మనం విన్న చప్పుడు కూడా ఇదేనంటావా?"

"ఇదే నాయనా."

"ఫ్యానుకా రా, అంతమందిమి అరిసింది!"

"ఫ్యానుకే. గుడ్డ లేసింది కొండగాలికి. అక్కకు వచ్చింది రోగం. మూడూ వేరేవేరే."

నాయన సోడా తాగాడు. ఖాళీ సీసా అంగడివాడికి ఇచ్చి, నా భుజం మీద చెయ్యి వేశాడు. "రేపు పొద్దున ప్యాసింజరుకు దాన్ని పిలుచుకొని వస్తా. నువ్వు పెనుకొండలో ఎక్కు. హిందూపురం పోదాం" అన్నాడు. నా జీవితంలో నేను గెలిచిన వాదాలన్నిటిలో అది పెద్దది. దాని ఆయుష్షు ఎంతో ఇప్పుడు చెబుతాను.

ఇంటర్వెల్ అయ్యాక దయ్యం చెల్లెలు బావిలోంచి లేచి, రెండు చేతులూ చాచి తెర నిండా నిలబడింది. తరాల కిందట చచ్చిన దయ్యం. ఎడమ జబ్బ మీద అణా బిళ్లంత టీకా మచ్చ. మగవాళ్లు నవ్వారు, మళ్లీ సద్దుమణిగారు. నడుమెత్తు గోడకు అవతల, ఆడవాళ్ల వైపు నుంచి, ఒక నవ్వు మాత్రం ఆగలేదు. అది అక్క. పొట్ట పట్టుకుని, ముందుకు వంగి, పమిటతో కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఇంటికి పంపేసిన నాటి నుంచి ఆమె నవ్వడం నేను చూడలేదు. ఆ నవ్వు వింటూ నాకెంత సంతోషమైందో చెప్పలేను.

"ఎవురబ్బా అది?" అన్నాడు వెనక ఎవరో.

"గాలి సోకిన పిల్ల. కొత్తచెరువోళ్లు వాపసు పంపినారే, ఆమె."

ఆడవాళ్ల వైపు చాపలు కదిలాయి. అక్క పక్కనున్న ఆమె తన బిడ్డను ఒళ్లోకి లాక్కుని దూరంగా జరిగింది. ఆమెను చూసి ఇంకొకామె. అక్క చుట్టూ నేల ఖాళీ అయింది. తెర మీద ఫ్యాను తిరుగుతోంది, దయ్యం ఎగురుతోంది, దాన్ని ఎవరూ చూడడం లేదు. అందరూ నా అక్కను చూస్తున్నారు.

"దయ్యాన్ని సూసి దయ్యమే నవ్వుతాది" అంది ఒక ముసలామె, తీర్పు చెప్పినట్టు.

నేను లేచి నిలబడి అరిచాను. "ఇంతసేపూ మీరందరూ నవ్వలేదా?"

"మేము నవ్వింది వేరే, అయ్యోరూ" అన్నాడు నా ముందు కూర్చున్నాయన, చాలా మర్యాదగా.

వేరే! ఆ వేరే ఏమిటో చెప్పమని ఈ జిల్లాలో ఎన్నో సభల్లో అడిగాను. చెప్పినవాడు లేడు. మగవాడు నవ్వితే సరదా. పెళ్లయి పుట్టింట్లో కూర్చున్న ఆడది గొంతెత్తి నవ్వితే దయ్యం. ఆ హాల్లో ఎవరికీ భయం పోలేదు. వాళ్లు ఫ్యాను చూశారు కాబట్టి ఫ్యానుకు భయపడడం మానేశారు, అంతే. మూర్ఛరోగానికి బోనూ రెక్కలూ ఉండవు. బజారులో బల్ల మీద పెట్టి చూపించలేము.

సాయంత్రం బండికి నేను పెనుకొండ వచ్చాను. సోమవారం పొద్దున బడికి సెలవు చెప్పి, ఉతికిన పంచె కట్టుకుని స్టేషనులో నిలబడ్డాను. ప్యాసింజరు వచ్చింది. పెట్టె పెట్టెకూ పరుగెత్తి కిటికీల్లోంచి చూశాను. ధర్మవరంవాళ్లవి తెలిసిన మొహాలు రెండు మూడు కనపడ్డాయి. వాళ్లు నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. నాయన లేడు. అక్క లేదు. బండి హిందూపురం వైపు పోయింది. ఎదురు బండి పట్టుకుని నేను ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

జరిగింది ఇది. హాల్లో అక్క నవ్విన సంగతి ఆ సాయంత్రమే కొత్తచెరువు చేరింది. తెల్లవారకముందే బావ, ఆ వారం ధర్మవరంలోనే దిగి ఉన్న సామిని బండిలో ఎక్కించుకుని వచ్చాడు. ఇన్నాళ్లూ గడప తొక్కని మనిషి. పాత గాలి పోయిందన్నారు కదా, మళ్లీ ఇదేమని నాయన సామిని నిలదీశాడట. సామి తడుముకోలేదు.

"నేను వెళ్లగొట్టింది పెద్దది. ఇది దాని చెల్లెలు. అక్క పగ తీర్సుకోను వచ్చినాది."

ఇంట్లో ఒక్కరూ నవ్వలేదు. ముందురోజు అదే కథకు చేతిరుమాళ్లు ఎగరేసిన ఊరు అది. ఇల్లంతా నిండిన జనంలో ఒక్కరికీ నవ్వు రాలేదు. బావ నాయనతో అన్నాడట: "ఇది ఇడిస్తే ఈ వారమే పిలుచుకొని పోతా మామా." నాయన లొంగిపోయింది ఆ మాటకు. కూతురి కాపురం నిలబడుతుందని. "ఒక్క పొద్దే కదా, డాక్టరు యాడికీ పోడు కదా అనుకొంటి రా" అని తర్వాత నాతో అన్నాడు.

దయ్యం చెల్లెలు పెద్ద దయ్యం కన్నా మొండిదట. అందుకని పొగ రెట్టింపు వేశారు. తలుపులు మూసి, అక్కను నిప్పుల కుంపటి ముందు కూర్చోబెట్టి, దుప్పటి కప్పారు. ఆ పొగలో ఆమెకు ఫిట్స్ వచ్చాయి. కొట్టుకుంటూ కుంపటి మీద పడింది. దయ్యం ఆడుతోంది, పట్టుకోవద్దు అన్నాడు సామి. పట్టుకోలేదు. కాలిన వాసన వచ్చాక పట్టుకున్నారు.

నేను పోయేసరికి ఎడమ చెయ్యి మోచేతి దాకా అరిటాకులో చుట్టి ఉంది. సామి అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. కొట్టడానికి పోయినవాణ్ణి, ఎందుకో ముందు ఒక మాట అడిగాను.

"నువ్వు ఆ బొమ్మ సూసినావా?"

"సూసినా. మొన్న శుక్రవారం పోతిని. బాగుండాది."

"నవ్వు రాలేదా నీకు?"

"నవ్వేదానికి ఏముండాది దాంట్లో?" అన్నాడు. ఆయన నన్ను వెక్కిరించడం లేదు. ఆ ఊరిలో ఆ బొమ్మను శ్రద్ధగా చూసినవాడు ఆయన ఒక్కడే. మొదటి భాగం బాగా ఆడితే రెండో భాగం ఎట్లా నడపాలో నేర్చుకుని పోయాడు. బావ నా చేతులు పట్టుకున్నాడు. సామి మజ్జిగ పూర్తిగా తాగే లేచాడు.

మర్నాడు అక్కను హిందూపురం తీసుకుపోయాము, ఈసారి ఎవరూ అడ్డు చెప్పలేదు. డాక్టరు చేతికి కట్టు కట్టి, ఫిట్స్‌కు చిన్న తెల్లమాత్రలు ఇచ్చాడు. పొద్దునొకటి, రాత్రొకటి. ఫిట్స్ తగ్గాయి. తర్వాత తర్వాత దాదాపు ఆగిపోయాయి. ఆ మాత్రలు ముందు నుంచీ అక్కడే, ఆ గాజు బీరువాలోనే ఉన్నాయి. మా ఇంటికీ వాటికీ మధ్య ఒక రైలు ప్రయాణం, అంతే.

చేతివేళ్లు మాత్రం ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నూలు పట్టలేని చెయ్యి. "అట్లాంటి చేత్తో మాకు మగ్గం పని ఎట్ల జరుగుతాది మామా" అని బావ పెద్దమనుషులతో చెప్పించి, ఇంకో పెళ్లి చేసుకున్నాడు. గాలి విడిచింది. అయినా పిలుచుకుని పోలేదు.

అక్కను బొమ్మకు తీసుకుపోయి నేనే చెడగొట్టానని అవ్వ చచ్చిపోయేదాకా అంది. నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. నవ్వడం నేరం కాదు, నవ్వించాలనుకోవడం నేరం కాదు. దుప్పటి కప్పిన చేతులు ఎవరివో మా వీధిలో అందరికీ తెలుసు.

ఒకసారి అక్కను అడిగాను, ఆ రోజు అంతగా ఎందుకు నవ్వావని. కుడిచేత్తో ఎడమ జబ్బ మీది రవిక పైకి జరిపి చూపించింది. కాలిన చోటుకు పైన, అణా బిళ్లంత టీకా మచ్చ.

"దానికీ నాకూ ఒకే తావులో ఉండాది రా. పాపం, దయ్యాన్ని కూడా బడికాడ వరసలో నిలబెట్టి సూది పొడిసినారు అనుకొంటి. నవ్వు ఆగలేదు." రవిక సర్దుకుని అడిగింది: "నేను నవ్వినందుకేనా రా, ఇదంతా?"

ఆమె మళ్లీ అట్లా నవ్వడం నేను వినలేదు.

మా వీధిలో ఆ బొమ్మ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. వస్తాండాదా, పోతాండాదా అని ఒకరంటే ఇంకొకరు విరగబడి నవ్వుతారు. చెప్పుకునేది ఇంటర్వెల్ దాకానే. అవతల జరిగింది ఎవరూ చెప్పుకోరు. ఆ బొమ్మకు మూడో భాగం రాలేదు. సామికి మాత్రం వచ్చింది. గుడిబండ వైపు ఒక ఇంట్లో దయ్యం మేనకోడల్ని వెళ్లగొట్టాడని తర్వాత విన్నాను. ఆ ఇంటివాళ్లు కూడా బొమ్మలు చూసేవాళ్లే. దయ్యం కనపడితే వాళ్లు కూడా నవ్వే ఉంటారు.

ఇంతవరకు చదివి, అయ్యో అని పుస్తకం మూయబోతున్నారు కదా? మూయండి. మూసి లేవండి. కాళ్లూ చేతులూ కొట్టుకుని పడిపోయే మనిషి మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఉంటే, ఆ మనిషిని రేపు పొద్దున మొదటి బండికి డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. ఒక్క పొద్దే కదా అని ఎవరన్నా అంటే వినవద్దు. పోయేముందు ఆ గుమ్మానికి కట్టిన నిమ్మకాయను మీ చేత్తోనే తెంపి పారేయండి.